ఎండలో పెట్టిన గుండె

తిరుపతి వెళ్లొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ నా సంచీ వైపు చూశారు. అందులో లడ్డూ లేదని తెలిశాక నా వైపు చూశారు. "తిరుపతి దాకా వెళ్లి కొండెక్కకుండా వచ్చేశావా!" అని మా హెడ్మిస్ట్రెస్ గారు అడిగిన తీరు చూస్తే, దేవుడే స్వయంగా ఆవిడకి ఫిర్యాదు చేశాడేమో అనిపించింది. నిజమే, కొండెక్కలేదు. కానీ వట్టి చేతులతోనూ రాలేదు. తెచ్చింది తలో ముక్కా పంచిపెట్టేది కాదు కనక ఇలా రాస్తున్నాను.

నేను వెళ్లింది సరోజ కోసం. తిరుపతిలో టీచర్ ట్రైనింగ్ చేసే రోజుల్లో హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. సరోజ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది దాని నవ్వు. వసారా చివరిదాకా వినిపించేది. తిట్టడానికి వచ్చిన వార్డెన్ గారు కూడా గుమ్మంలో నిలబడి నవ్వేసి వెళ్లిపోయేవారు. ట్రైనింగ్ పూర్తి కాకుండానే దానికి పెళ్లయింది. వడమాలపేట దగ్గర పల్లెలో ఆవులూ చెనక్కాయ చేలూ చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. నేను తణుకులో తెలుగు టీచర్నయ్యాను.

కిందటేడు వాళ్లాయన మునిరత్నం గారు ఫోను చేశారు. "సరోజకు గుండెలో బేటరీ పెట్టినారక్కా. బాగుండాది, బయపడొద్దు" అన్నారు. పేస్‌మేకర్ అన్నమాట. ఈ వేసవి సెలవులకి మళ్లీ ఫోను చేశారు. "బాగుండాది గానీ, నవ్వేది మానేసిందక్కా. నువ్వొకసారి రాగూడదా?" అన్నారు. ఆ రెండో మాట విన్నాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

తిరుపతి స్టేషన్

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. ప్లాట్‌ఫారం మీద ఎర్ర చుక్కల బోర్డొకటి కొత్తగా పెట్టారు. రైళ్ల పేర్లు కుడి నుంచి ఎడమకి పరుగెడుతున్నాయి. ఇలాంటివి కనిపిస్తే నాకు కాళ్లు కదలవు. ఆదివారం పేపర్లో సైన్సు పేజీ మొదట చదివే తెలుగు టీచర్ని మా స్కూల్లో నేనొక్కదాన్నే. దగ్గరికెళ్లి తల పైకెత్తి చూశాను. అక్షరాలేవీ పరుగెత్తడం లేదు. ఏ చుక్క దీపం అక్కడే ఉంది. ఒకటి ఆరితే పక్కది వెలుగుతోంది, అంతే. పరుగంతా మన కంట్లోనే ఉంది. నోరు తెరుచుకుని అలా నిలబడితే వెనక నుంచి ఎవరో సామాన్ల బండితో మడమ మీద పొడిచారు. ఆ కుంటుకాలితోనే ఊరంతా తిరిగాను.

మునిరత్నం గారు వచ్చి సంచీ అందుకున్నారు. నేను ఆయన్ని అన్నయ్యగారంటాను, ఆయన నన్ను అక్కా అంటారు. ఇద్దర్లో ఎవరు పెద్దో ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు. స్టేషన్ బయట ఇడ్లీలు తిన్నాం. మా వైపు ఇడ్లీకి అల్లప్పచ్చడి లేకపోతే యుద్ధాలవుతాయి. ఇక్కడ వేరుశెనగపప్పుతో నూరిన ఊరిబిండి వేశారు. కారానికి కళ్లలో నీళ్లొచ్చినా రెండోసారి అడిగి వేయించుకున్నాను. ప్లేటు పది రూపాయలు.

"నువ్వు నవ్వించల్లక్కా. నావల్ల కాలేదు" అన్నారాయన చేతులు కడుక్కుంటూ. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

వడమాలపేట

పుత్తూరు వెళ్లే బస్సెక్కి వడమాలపేటలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల పల్లెకి వెళ్లాం. దారి పొడుగునా మామిడి తోటలు. కాయలు బరువుకి నేలకి ఆనుతున్నాయి. మేం కలెక్టరు కాయ అనేదాన్ని వీళ్లు బెంగుళూరా అంటారు. కాయ మాత్రం అదే.

వాకిట్లోకి వెళ్లే ముందు మునిరత్నం గారు జేబులోంచి కొత్త సెల్‌ఫోను తీసి, చిన్న గుడ్డసంచీలో వేసి మామిడికొమ్మకి తగిలించారు. "లోపలికి తేనక్కా. దాని దెబ్బకు సరోజ బేటరీకి ఏమన్నా అయితే!" అన్నారు. చెట్టులో నుంచి ఫోను మోగడం, ఆయన కండువా సర్దుకుంటూ పరుగెత్తడం ఆ పూటే రెండు మూడుసార్లు చూశాను.

మేం అరుగంటాం, వాళ్లు తిన్నె అంటారు. ఆ తిన్నె మీద సరోజ కూర్చుని ఉంది. "వచ్చినావా మే" అంది. లేవలేదు. గొంతు పెంచలేదు. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. అంత ఎండలో కూర్చున్నా ఆ చెయ్యి చల్లగా ఉంది.

మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు పెట్టారు. నేను సంగటి ముద్దని అన్నంలాగా నములుతూ కూర్చున్నాను. అది నమిలేది కాదట, పప్పులో అద్ది మింగేదట. పళ్లకి అంటుకుని దవడలు ఎటూ కదలని స్థితిలో నేనుంటే మునిరత్నం గారు వెనక్కి తిరిగి నవ్వుకుంటున్నారు. సరోజ పెదాలు అదిరాయి. ఒక్క క్షణం ఆ పాత సరోజే. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, లేచి మెల్లగా తిన్నె మీదికి వెళ్లిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. దానికి నవ్వు రాక కాదు, వచ్చిన నవ్వుని ఆపుకుంటోంది.

సాయంత్రం మూడు ఫేజుల కరెంటు వచ్చింది. ఊరు ఊరంతా లేచి మోటార్ల దగ్గరికి పరుగెత్తింది. కాలవ నీళ్లు గడప దాకా వచ్చే ఊరిదాన్ని, ఆ పరుగు చూసి నేను తెల్లబోయాను. "ఈడ కరెంటొచ్చినప్పుడే సేద్యమక్కా. బోరులో ఉండే నీళ్లు రవ్వంత, కరెంటు రవ్వంత. రెండూ పొదుపుగా వాడుకోవల్ల" అన్నారు మునిరత్నం గారు. సరోజ తలూపింది. ఆ తలూపడం నేను అప్పుడు పట్టించుకోలేదు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు హేమని ఐరాలలో ఇచ్చారు. ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మా వైపూ ఉంది, వీళ్ల వైపూ ఉంది. అయినా కాన్పు అత్తగారింట్లోనే కానీమని సరోజ కబురు పంపిందట. కారణం మొగుడికీ చెప్పలేదు. "పాప ఫోనులో మాట్లాడేది మానేసినాదక్కా. అమ్మకు నేను బరువైపోయినా అని ఏడ్సినాదంట" అన్నారాయన. కడుపుతో ఉన్న పిల్ల ఏడిచిందని విని నాకు సరోజ మీద చాలా కోపం వచ్చింది.

తిన్నె మీద సెల్లులు

మర్నాడు పొద్దున లేచి చూస్తే సరోజ తూర్పు మొహంగా కూర్చుని ఉంది. ఎడమవైపు పమిట కాస్త జరిపి, భుజం కింద బేటరీ పెట్టిన చోట ఎండ తగిలేలా చూసుకుంటోంది. పక్కనే టార్చిలైటులోంచి తీసిన సెల్లులు, టీవీ రిమోట్ సెల్లులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకవైపు వేడెక్కాక వాటిని మెల్లగా దొర్లించింది. తర్వాత తనూ కొంచెం పక్కకి తిరిగి కూర్చుంది.

నేను నిలుచున్న చోటే నిలబడిపోయాను. "సరోజా, నువ్వు కూడానా?" అన్నాను.

అది తలొంచుకుంది. "నవ్వద్దు మే. అయిపోయిన సెల్లులు ఎండలో పెడితే రవంత లేస్తాయి గదా. ఇదీ సెల్లే గదా."

నాకు నవ్వు రాలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపటికి మిగతాది చెప్పింది. కిందటిసారి ఆస్పత్రిలో పరీక్షకి పడుకోబెట్టినప్పుడు మిషను తెర వైపు చూసిందట. మొదట కూర్చున్నప్పుడు తెల్లగా గీతలు కనిపించిన తెర, పడుకున్నాక చూస్తే నల్లగా మారిపోయింది. తన బేటరీ అయిపోయిందనుకుంది. రద్దీ రోజు, డాక్టరమ్మ బాగుందని చెప్పి ఇంకొకరిని పిలిచింది. "నా మొకం జూసి అట్ల చెప్పింటారు లే అనుకున్నా" అంది సరోజ. అడగడానికి భయపడింది. అడిగితే నిజం చెప్పేస్తారని భయం.

"మరి హేమ సంగతేంటే?"

"దాన్ని పిల్చుకొస్తే పురుటి పని. వంట, నీళ్లు, బిడ్డకు తలంటేది, నిద్దర్లేని రాత్రిళ్లు. ఉండే బేటరీ అంతా దానికే అయిపోతే? నాకు బిడ్డ నడిచేది సూడల్లని ఉండాది మే. తప్పటడుగులు ఏస్తాదే, అంతదాకా అన్నా రావల్ల. అందుకే నడిచేది తగ్గించినా, మాట్లాడేది తగ్గించినా. నవ్వితే గుండె ఎంత ఎగిరెగిరి కొట్టుకుంటాది! అదంతా బేటరీనే గదా."

నవ్వుని దాచి, మాటల్ని దాచి, కడుపుతో ఉన్న కూతుర్ని దూరం పెట్టి, పుట్టబోయే పిల్ల నడక కోసం ఇది కూడబెడుతోంది. నిన్న దాని మీద వచ్చిన కోపం గుర్తొచ్చి నాకు దుఃఖం ముంచుకొచ్చింది. మునిరత్నం గారికి చెబుతానంటే, చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకుంది. కానీ మళ్లీ పరీక్ష చేయించే గడువు ఆ వారమే. నేనూ వస్తానన్నాను.

మళ్లీ తిరుపతి

ఆస్పత్రి వసారాలో మా నంబరు ఎర్ర అంకెల్లో వెలిగేదాకా బెంచీ మీద కూర్చున్నాం. సరోజ ఆ అంకెల వైపు చూడలేదు. నా చిటికెనవేలు పట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, చిత్తూరు వైపు పిల్ల. సరోజని మంచం మీద పడుకోబెట్టి, సబ్బు డబ్బా అంత పరికరాన్ని భుజం కింద చర్మం మీద ఆనించింది. దాని తీగ అవతల బల్ల మీదున్న మిషనుకి పోతుంది. లోపలి బేటరీ చర్మం కింద నుంచే, ఏ తీగా తగలకుండా, తన సంగతులన్నీ దానికి చెప్పేస్తుంది. నేను బల్ల దగ్గర నిలబడి చూస్తే తెర మీద గీతలు, అంకెలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. సరోజ మొహం మాత్రం పాలిపోయింది. దాని పక్కన వంగి, దాని తలకి నా తల ఆనించి అక్కణ్ణుంచి చూశాను. తెర నల్లగా ఉంది!

"డాక్టరమ్మా, ఇక్కణ్ణుంచి చూస్తే మాకు అంతా నలుపే కనిపిస్తోంది" అన్నాను.

ఆవిడ నవ్వి తెరని మా వైపు తిప్పింది. నలుపు పోయి గీతలొచ్చాయి. "ఈ తెర దానంతటది వెలగదమ్మా. వెనక దీపం ఉంటాది. మధ్యలో ద్రవం లాంటి పొర ఒకటి ఉండి, కరెంటును బట్టి ఒక చోట వెలుగు వదుల్తాది, ఒక చోట ఆపుతాది. ఎదురుగా చూసే కంటికే అది సరిగ్గా కనపడతాది. పక్క నుంచి, కింద నుంచి చూస్తే తప్పుగా కనపడతాది" అంది. మా పెరటి తడిక గుర్తొచ్చింది నాకు. ఎదురుగా నిలబడితే సందుల్లోంచి వీధంతా కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఆకులు తప్ప ఏమీ కనిపించవు.

"అయితే నా బేటరీ అయిపోలేదా?" అంది సరోజ.

"ఇంకా ఏళ్లు వస్తాది. తగ్గేటప్పుడు నెలల ముందే ఈ మిషను చెప్పేస్తాది. అప్పుడు లోపలి డబ్బీ మారుస్తాం." డాక్టరమ్మ తెర చూస్తూ ఆగింది. "అది సరే గానీ, ఈ మధ్య పని మానేసినారా? పోయినసారి కంటే ఇది ఎక్కువ పని చేసినట్టుండాదే."

సరోజ నా వైపు చూసింది. ఒట్టు తీసి గట్టున పెట్టి నేనే చెప్పేశాను. తిన్నె, ఎండ, సెల్లులు, ఆపుకున్న నవ్వు, అన్నీ చెప్పాను. పక్కనే ఉన్న మునిరత్నం గారు గోడకి ఆనుకుని అలా వింటూ ఉండిపోయారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"పిల్లను ఊయల్లో వేసి ఊపినారు గదా మీరు? ఊయల బాగా ఊగతా ఉంటే తోస్తారా?"

"యాల తోస్తాము? నిదానించినప్పుడు తోస్తాము."

"ఇదీ అంతే. ఈ డబ్బీలో నుంచి సన్నని తీగ మీ గుండెలోకి పోయిండాది. ఆ తీగ ముందు వింటాది. మీ గుండె దానంతటది కొట్టుకుంటా ఉంటే గమ్మునుంటాది. ఇంతసేపైనా కొట్టుకోలేదే అనిపిస్తే, అప్పుడు రవంత కరెంటుతో ఒక్క తట్టు తడతాది. మీరు నడిస్తే, పని చేస్తే, నవ్వితే మీ గుండే చురుగ్గా కొట్టుకుంటాది, దానికి పనుండదు. మీరు కదలకుండా కూర్చుంటే గుండె నిదానిస్తాది, ఇది తోస్తా ఉండల్ల. బేటరీకి పెద్ద తేడా ఏం రాదు, బయపడొద్దు. కానీ మీ లెక్క మాత్రం తలకిందులమ్మా."

"మరి ఎండ?" అంది సరోజ.

"ఎండ ఎముకలకు మంచిది. ఆ బేటరీకి మాత్రం ఏమీ చెయ్యదు. గట్టిగా మూత బిగించి సీలు వేసింది అది." టార్చి సెల్లు ఎండకి లేచేది కూడా కొత్త శక్తి వచ్చి కాదని తర్వాత నేను సరోజకి చెప్పాను. వేడికి లోపలి మందు కాస్త చురుకవుతుంది, అంతే.

"సెల్‌ఫోను?" అని మునిరత్నం గారు గోడ దగ్గర నుంచే అడిగారు. సరోజ మాట్లాడినా ఏం కాదు, ఫోను ఎడమవైపు ఉంచుకోకుండా కుడిచెవి దగ్గర పెట్టుకుంటే చాలందావిడ. అలా మామిడికొమ్మకి బరువు తగ్గింది.

బస్టాండులో సరోజ ఏడ్చింది. బస్సులూ జనమూ అన్నీ మరిచిపోయి, కొంగు నోట్లో కుక్కుకోకుండా ఏడ్చింది. "అన్ని నెలలు ఊరికినే పోగొట్టుకుంటినే మే! పాపను ఏడిపిస్తినే!" అంది. మునిరత్నం గారు దాని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

కాణిపాకం

మర్నాడు ఐరాల బయల్దేరాం. చీర, గాజులు, అలసంద వడలు సంచీలో పెట్టుకున్నాం. దారిలో కాణిపాకం. ఇక్కడి వినాయకుడి ముందు అబద్ధం చెప్పకూడదని జనానికి గట్టి నమ్మకం. అందుకని ఒట్లు వేయడానికి వస్తారు. మా ముందు ఒకాయన తాగుడు మానేస్తానని ప్రమాణం చేస్తున్నాడు. వాళ్లావిడ ఆయన మణికట్టు వదలకుండా పట్టుకుని, ఒక్కో మాటా అందిస్తోంది. "పండగలకు కూడా అని చెప్పు" అంది. ఆయన దీనంగా దేవుడి వైపు చూసి, "పండగలకు కూడా" అన్నాడు.

మా వంతొచ్చింది. సరోజ కళ్లు మూసుకుని పైకే అంది. "సామీ, పొదుపు మానేస్తా."

"దుడ్లు కాదు సామీ, దుడ్ల పొదుపు కాదు!" అని మునిరత్నం గారు గబగబా కలగజేసుకున్నారు. వెనక వరసలో వాళ్లు కూడా నవ్వారు. సరోజ నవ్వబోయి ఆగింది. కూతురి మొహం చూడకుండా తనకి నవ్వే హక్కు లేదనుకుందేమో. బయట బొరుగులూ బెల్లం ఉండలూ కొనుక్కుని మళ్లీ బస్సెక్కాం.

ఐరాల

హేమ అత్తగారు ఎదురొచ్చి, "రా వదినా" అని కాళ్లకి నీళ్లిచ్చారు. మర్యాదకి ఏ లోటూ లేదు. హేమ మాత్రం గదిలోంచి బయటికి రాలేదు. మేమే లోపలికి వెళ్లాం. గోడవైపు తిరిగి చెనక్కాయలు ఒలుస్తోంది.

"పిల్చుకుపోను వచ్చినా పాపా" అంది సరోజ.

"ఏంటికి? కాన్పు ఈడనే అని చెప్పిస్తివే. మా అత్తకు నేను చెప్పేసినా, ఈడనే ఉంటానని."

నేను అందుకోబోతే సరోజ వద్దన్నట్టు చూసింది. మెల్లగా కూతురి పక్కన చతికిలబడి, దాని చెయ్యి తీసుకుని తన ఎడమ భుజం కింద పెట్టుకుంది. బేటరీ పెట్టినప్పటి నుంచి ఆ చోట ఎవర్నీ తాకనివ్వలేదట. చర్మం కింద అగ్గిపెట్టెలాగా గట్టిగా తగిలేసరికి హేమ ఉలిక్కిపడింది. చెయ్యి మాత్రం తీయలేదు.

అప్పుడు చెప్పింది సరోజ. దాచకుండా, తనని తాను వెనకేసుకు రాకుండా చెప్పింది. నల్ల తెర, పొదుపు, బిడ్డ తప్పటడుగులు, డాక్టరమ్మ చెప్పిన ఊయల. ఎండ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"ఎండలోనా?" హేమ ఇటు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు. "సెల్లులతో పాటా?"

"వాటి పక్కనే."

"తిప్పి తిప్పి పెట్టుకున్నావా?"

"ఊ."

హేమకి నవ్వొచ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. కడుపు పట్టుకుని, "అయ్యో నొస్తాది అమ్మా, నవ్వించొద్దు" అంటూ నవ్వింది. అప్పుడు సరోజ నవ్వింది. అంత పెద్ద శబ్దం ఆ చిన్న గదిలో పట్టలేదు. హేమ అత్తగారు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మునిరత్నం గారు గుమ్మం దగ్గర కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత విన్నాను నేను ఆ నవ్వు. ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

ఆ పొద్దు గురువారం, మంచి దినమే అన్నారు హేమ అత్తగారు. కోడలి ఒడిలో బియ్యం, కొబ్బరికాయ, పసుపు కొమ్ములు పోసి బొట్టు పెట్టి పంపారు. ఆటో దొరకలేదు. ఎండ చల్లబడ్డాక బస్సు ఆగే చోటికి నడిచాం. హేమ బట్టల పెట్టె సరోజ ఎత్తుకుంది. మునిరత్నం గారు అడిగినా ఇవ్వలేదు, నేనడిగినా ఇవ్వలేదు. గట్టిగట్టిగా ఊపిరి తీసుకుంటూ అందరికంటే ముందు నడుస్తోంది. హేమ పాపం ఒడి పట్టుకుని వెనకే వస్తూ పెట్టె పట్టి గుంజుతోంది.

"అమ్మా, పెట్టె ఇట్లీ. గుండె ఎట్ల కొట్టుకుంటా ఉందో సూడు నీకు."

సరోజ ఆగలేదు. పెట్టెని ఇంకో చేతికి మార్చుకుని అంది.

"కొట్టుకోనీలే పాపా. ఇప్పుడు కొట్టుకునేది నాదే."